ఏడాది ఆట, రెండేళ్ల పద్దు

2025 మే 5 రాత్రి షెఫీల్డ్‌లోని క్రూసిబుల్ థియేటర్లో ప్రపంచ స్నూకర్ ఛాంపియన్‌షిప్ ఫైనల్ ముగిసింది. మార్క్ విలియమ్స్‌ను 18-12తో ఓడించి కప్పు ఎత్తిన జావో షిన్‌తోంగ్ పేరు ఆ రోజుకి ప్రపంచ ర్యాంకింగ్స్‌లో లేదు. ఎక్కడో అడుగున ఉండటం కాదు, అసలు లేదు. కాగితం మీద అతను అమెచ్యూర్. మరోపక్క జడ్ ట్రంప్. ఆ సీజన్లో అందరికన్నా ఎక్కువ సంపాదించింది అతనే. ఒకే సీజన్లో వందకు పైగా సెంచరీ బ్రేకులు (ఒక్క దఫాలో వంద లేదా అంతకు మించిన పాయింట్లు) కొట్టి, నీల్ రాబర్ట్‌సన్ పేరు మీద 2013-14 నుంచి ఉన్న 103 సెంచరీల రికార్డును దాటిందీ అతనే. అలాంటివాడు సెమీఫైనల్లో విలియమ్స్ చేతిలో 17-14తో ఓడి బయటికి నడిచాడు.

ఏడాది పొడవునా బాగా ఆడినవాడు ఒకడు, ఏడాది చివర్లో కప్పు అందుకున్నవాడు ఇంకొకడు. ఇది ఏ ఆటలోనైనా ఉండేదే. అయితే స్నూకర్లో ఈ ఎడం మరీ ఎక్కువగా కనిపిస్తుంది. ఎందుకో తెలియాలంటే బల్ల మీద బంతుల సంగతి కాసేపు పక్కన పెట్టి, సీజన్ వెనక నడిచే డబ్బు లెక్క చూడాలి.

2014 నుంచి స్నూకర్లో ర్యాంకింగ్ అంటే పాయింట్లు కాదు, పౌండ్లు. గడిచిన రెండేళ్లలో ర్యాంకింగ్ టోర్నీల్లో ఎంత ప్రైజ్ మనీ గెలిస్తే అదే ఆటగాడి ర్యాంకును నిర్ణయిస్తుంది. టోర్నీ ముగిసిన ప్రతిసారీ కొత్త మొత్తం జమ పడుతుంది, రెండేళ్ల కిందట అదే టోర్నీలో వచ్చిన మొత్తం పద్దులోంచి పోతుంది. అప్పట్లో పెద్ద మొత్తం గెలిచిన చోట ఈసారి అంత రాకపోతే ర్యాంకు జారుతుంది. ఈ పద్ధతిలో మొహమాటం లేదు. పేరున్నవాడైనా, పాత ఛాంపియనైనా లెక్క ఒకటే.

లూకా బ్రెసెల్ సంగతే చూడండి. 2023కి ముందు క్రూసిబుల్లో ఒక్క మ్యాచ్ కూడా గెలవని ఈ బెల్జియం ఆటగాడు ఆ ఏడాది ఏకంగా ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. సెమీస్‌లో సి జియాహుయ్ మీద 5-14తో వెనకబడి 17-15తో గెలిచాడు, ఫైనల్లో మార్క్ సెల్బీని 18-15తో ఓడించాడు. దాంతో 5 లక్షల పౌండ్లు, అంటే అయిదు కోట్ల రూపాయలకు పైనే, అతని పద్దులో చేరాయి. ఆ తర్వాత రెండేళ్లు ఓ మోస్తరుగా ఆడినా ర్యాంకు పెద్దగా కదల్లేదు. 2025లో క్వార్టర్ ఫైనల్ దాకా వచ్చి ట్రంప్ చేతిలో ఓడాడు, 50 వేలు వచ్చాయి. అదే రోజుల్లో పాత 5 లక్షలు పోయాయి. టాప్ 16లో దర్జాగా ఉన్నవాడు ఆ జాబితా దాటి కిందికి పడ్డాడు. ఓడలు బళ్లవడానికి ఇక్కడ పెద్ద ఉపద్రవం ఏమీ రానక్కర్లేదు, క్యాలెండర్ తిరిగితే చాలు.

2024-25లో మొత్తం 18 ర్యాంకింగ్ టోర్నీలు జరిగాయి. జూన్‌లో లెస్టర్‌లో ఛాంపియన్‌షిప్ లీగ్‌తో మొదలై మే నెలలో షెఫీల్డ్‌లో ముగిశాయి. ఈ 18కీ పేరు ఒకటే అయినా బరువు ఒకటి కాదు. బ్రెంట్‌వుడ్, బెల్‌ఫాస్ట్, ఎడిన్‌బరో, లాండుడ్నోలలో జరిగే హోమ్ నేషన్స్ టోర్నీల్లో (ఇంగ్లండ్, నార్తర్న్ ఐర్లాండ్, స్కాట్లాండ్, వేల్స్ ఓపెన్లలో) విజేతకు తలా లక్ష పౌండ్లు. ఒకే ఆటగాడు ఆ నాలుగూ గెలిచాడనుకుందాం. ఇది దాదాపు అసాధ్యం. అయినా అతనికి వచ్చేది 4 లక్షలు. క్రూసిబుల్లో 17 రోజులు ఆడి గెలిచినవాడికి 5 లక్షలు. యార్క్‌లో జరిగే యూకే ఛాంపియన్‌షిప్ విజేతకు రెండున్నర లక్షలు. 2024లో కొత్తగా వచ్చిన సౌదీ అరేబియా మాస్టర్స్ ఒక్కసారిగా 5 లక్షలు ఇచ్చి ప్రపంచ ఛాంపియన్‌షిప్ పక్కన కుర్చీ వేసుకుంది. రియాద్‌లో దాన్ని గెలిచింది ట్రంప్, ఫైనల్లో విలియమ్స్ మీద 10-9తో.

ఇంత తేడా న్యాయమేనా? కొంతవరకు న్యాయమే, కారణం మ్యాచ్ నిడివి. బంతులు పేర్చి మొదలుపెట్టే ఒక్కో ఆటను ఫ్రేము అంటారు. హోమ్ నేషన్స్ తొలి రౌండ్లలో నాలుగు ఫ్రేములు ముందు గెలిచినవాడిదే మ్యాచ్. ప్రపంచ ఛాంపియన్‌షిప్ మొదటి రౌండ్లో పది, ఫైనల్లో పద్దెనిమిది ఫ్రేములు గెలవాలి. ఎదుటివాడికన్నా కాస్త మెరుగైన ఆటగాడు, ఒక్కో ఫ్రేము గెలిచే అవకాశం 60 శాతం ఉన్నవాడు, ఉన్నాడనుకుందాం. లెక్క వేస్తే ఏడు ఫ్రేముల మ్యాచ్‌లో అతని గెలుపు అవకాశం సుమారు 71 శాతం, పంతొమ్మిది ఫ్రేముల్లో 81, ముప్పై అయిదు ఫ్రేముల ఫైనల్లో 89 దగ్గర. మ్యాచ్ పొడుగయ్యే కొద్దీ అదృష్టం వాటా తగ్గుతుంది. పొట్టి మ్యాచ్‌లో ఒక ఫ్లూక్ (గుడ్డిగా పడ్డ బంతి), ఒక చెడ్డ కిక్ (బంతులు తాకేటప్పుడు దారి తప్పడం) చాలు పదమూడు గంటల ప్రయాణం చేసి వచ్చినవాణ్ణి మర్నాడే వెనక్కి పంపడానికి.

ఈ లెక్కతో చూస్తే షూట్ అవుట్ అనే టోర్నీ వింతగా కనిపిస్తుంది. మ్యాచ్ అంతా ఒకే ఒక్క ఫ్రేము, పది నిమిషాల గడువు. మొదటి అయిదు నిమిషాలు షాట్‌కు 15 సెకన్లు, తర్వాత పదే. జనం కేకలు వేస్తుంటారు, చూడటానికి సరదాగానే ఉంటుంది. కానీ 2017 నుంచి దీన్నీ ర్యాంకింగ్ టోర్నీగా లెక్కిస్తున్నారు. విజేతకు 50 వేల పౌండ్లు. నెలల తరబడి ఫ్రేము ఫ్రేముకూ కూడబెట్టుకున్నవాడి పద్దునీ, నాలుగు రోజులు కలిసొచ్చినవాడి పద్దునీ ఒకే పుస్తకంలో రాయడం సమర్థించుకోవడం కష్టం. ప్రదర్శన పోటీగా ఉంచేసి ఉంటే దాని సరదా ఏమీ తగ్గేది కాదు.

దీనికి పూర్తిగా వ్యతిరేక దిశలో ఉంటుంది జనవరిలో లండన్‌లోని అలెగ్జాండ్రా ప్యాలెస్‌లో జరిగే మాస్టర్స్. యూకే ఛాంపియన్‌షిప్, ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లతో కలిపి దీన్ని ట్రిపుల్ క్రౌన్ అంటారు. ప్రతిష్ఠలో ఈ మూడిటికీ సాటి వేరే లేవు. కానీ మాస్టర్స్‌కి టాప్ 16 మందినే పిలుస్తారు కాబట్టి అది ర్యాంకింగ్ టోర్నీ కాదు. 2025లో షాన్ మర్ఫీ సెమీస్‌లో మార్క్ అలెన్ మీద 147 (ఒక ఫ్రేములో కొట్టగల గరిష్ఠ బ్రేక్) కొట్టి, ఫైనల్లో కైరన్ విల్సన్‌ను 10-7తో ఓడించి మూడున్నర లక్షల పౌండ్లు ఇంటికి పట్టుకెళ్లాడు. ర్యాంకింగ్ పద్దులో మాత్రం ఆ వారానికి సున్నా. ఇది మర్ఫీకి అన్యాయంలా కనిపించినా నియమం సరైనదే. పదహారుమందికే తలుపు తెరిచే చోట గెలిచిన డబ్బును ర్యాంకుకి కలిపితే పైనున్నవాళ్లు ఇంకా పైకి, కిందివాళ్లకు నిచ్చెన ఇంకా దూరం.

ఇక కైరన్ విల్సన్. 2024 ప్రపంచ ఛాంపియన్‌గా సీజన్లో అడుగుపెట్టి షియాన్ గ్రాండ్ ప్రీ, నార్తర్న్ ఐర్లాండ్ ఓపెన్, జర్మన్ మాస్టర్స్, ప్లేయర్స్ ఛాంపియన్‌షిప్ అని నాలుగు ర్యాంకింగ్ టైటిళ్లు గెలిచాడు. అందులో మూడు ఫైనల్స్‌లో ఎదుట ఉన్నది ట్రంప్. టైటిళ్ల సంఖ్యే కొలత అయితే ఆ సీజన్ విల్సన్‌దే. కానీ ఏప్రిల్లో క్రూసిబుల్లో మొదటి మ్యాచ్‌లోనే, అక్కడ మొదటిసారి ఆడుతున్న లెయ్ పెయ్‌ఫాన్ చేతిలో 10-9తో ఓడాడు. 1977లో టోర్నీ ఆ థియేటర్‌కి వచ్చినప్పటి నుంచి 2025 దాకా తొలి టైటిల్ గెలిచినవాడెవడూ మరుసటి ఏడాది దాన్ని నిలబెట్టుకోలేదు. దాన్ని క్రూసిబుల్ శాపం అంటారు. శాపం మాట అటుంచితే, నియమాల్లో ఒక చిన్న మెలిక ఉంది. మొదటి మ్యాచ్‌లోనే ఓడిన సీడెడ్ ఆటగాడికి 20 వేల పౌండ్లు చేతికైతే వస్తాయి, ర్యాంకింగ్‌లో మాత్రం పడవు. క్వాలిఫయింగ్ ఆడకుండా నేరుగా వచ్చిన సౌకర్యానికి అది చెల్లించాల్సిన మూల్యం.

సీజన్ రూపురేఖల్ని తీర్చేది ఇంకో లెక్క కూడా ఉంది, ఏడాది జాబితా. కొత్త సంవత్సరం దాటాక అభిమానులు చూసేది ఎక్కువగా దీన్నే. ఆ సీజన్లో సంపాదించిన డబ్బు మాత్రమే ఇందులో లెక్క. దీని ఆధారంగా 32 మందికి వరల్డ్ గ్రాండ్ ప్రీ, 16 మందికి ప్లేయర్స్ ఛాంపియన్‌షిప్, 12 మందికి టూర్ ఛాంపియన్‌షిప్. గరాటులా సన్నబడుతూ పోతుంది. సీజన్ చివర్లో ఫామ్‌లో ఉన్నవాడికే ఇంకా ఆడే అవకాశం, ఇంకా సంపాదించే అవకాశం. జాన్ హిగ్గిన్స్ 2025లో దీన్ని బాగా వాడుకున్నాడు. యూషాన్‌లో వరల్డ్ ఓపెన్ గెలిచాడు, ఆ ఊపులోనే మాంచెస్టర్‌లో సెల్బీ మీద 10-8తో టూర్ ఛాంపియన్‌షిప్ కూడా కొట్టాడు. యాభైకి దగ్గరపడుతున్న వయసులో.

టోర్నీలు ఎక్కడ జరుగుతాయన్నదాన్ని కూడా డబ్బే నిర్ణయిస్తుంది. కోవిడ్ వచ్చాక 2020 నుంచి 2023 దాకా చైనాలో ఒక్క ప్రొఫెషనల్ టోర్నీ జరగలేదు. ఆటగాళ్లంతా మిల్టన్ కీన్స్ లాంటి ఇంగ్లండ్ ఊళ్లలో ఖాళీ హాళ్లలో ఆడి కాలం గడిపారు. 2023 సెప్టెంబర్‌లో షాంఘై మాస్టర్స్‌తో తలుపులు మళ్లీ తెరుచుకున్నాయి. 2024-25కి షాంఘై, షియాన్, వుహాన్, నాన్‌జింగ్, యూషాన్, పైగా హాంకాంగ్. సీజన్ మొదటి సగం చూస్తే ఇది బ్రిటన్ ఆటా, చైనా ఆటా అన్న అనుమానం వస్తుంది. ఆ చైనా టోర్నీల్లో కొన్నిటి క్వాలిఫయింగ్ మాత్రం ఇప్పటికీ ఇంగ్లండ్‌లోనే జరుగుతుంది. అందుకే చైనా కుర్రాళ్లు షెఫీల్డ్‌లో గదులు అద్దెకు తీసుకుని బతుకుతుంటారు.

ఈ పటంలో మన ఊళ్లు కూడా కొన్నాళ్లు ఉన్నాయి. 2013లో ఢిల్లీలో మొదలైన ఇండియన్ ఓపెన్ ర్యాంకింగ్ టోర్నీ 2016లో హైదరాబాద్‌కీ, 2017లో విశాఖపట్నానికీ వచ్చింది. ఢిల్లీలో ఆదిత్య మెహతా ఫైనల్ దాకా వెళ్లి చైనా దిగ్గజం డింగ్ జున్‌హుయ్ చేతిలో ఓడాడు. హైదరాబాద్‌లో స్కాట్లాండ్ కుర్రాడు ఆంథొనీ మెక్‌గిల్ తన మొదటి ర్యాంకింగ్ టైటిల్ గెలిచాడు, ఫైనల్లో 5-2తో ఓడినవాడు కైరన్ విల్సన్. ఎనిమిదేళ్ల తర్వాత ప్రపంచ ఛాంపియన్ అయిన విల్సనే. విశాఖలో మెక్‌గిల్ మళ్లీ ఫైనల్‌కి వచ్చాడు గానీ ఈసారి హిగ్గిన్స్ 5-1తో గెలిచాడు. 2019లో కొచ్చిలో జరిగాక ఇండియన్ ఓపెన్ క్యాలెండర్‌లోంచి మాయమైంది. 1875లో జబల్‌పూర్‌లోని సైనికాధికారుల మెస్‌లో పుట్టిందని చెప్పుకునే ఆటకు, పుట్టిన దేశంలో ఏడాదికి ఒక వారం కూడా దొరక్కపోవడం చిత్రమే.

ఇక పైవాళ్ల కథ ఆపి కిందివాళ్లను చూద్దాం. నిజానికి ఈ పద్ధతి అసలు స్వభావం బయటపడేది అక్కడే. ప్రొఫెషనల్ టూర్‌లో సుమారు 128 మందికి చోటు. ఆటగాడికి జీతం ఉండదు. విమానం టికెట్, హోటల్ గది, క్వాలిఫయింగ్‌కు వెళ్లే రైలు ఛార్జీ అన్నీ సొంతంగా పెట్టుకోవాలి. చాలా టోర్నీల్లో మొదటి మ్యాచ్ ఓడితే చేతికొచ్చేది సున్నా. 2022-23లో ఏడాదికి కనీసం 20 వేల పౌండ్లు వచ్చేలా హామీ పెట్టారు. మన రూపాయల్లో వింటే బాగానే అనిపిస్తుంది. కానీ బ్రిటన్‌లో అద్దె కట్టి, ఏడాదికి పదిహేను టోర్నీలు తిరిగేవాడికి అందులో మిగిలేది తక్కువ.

టూర్‌లో ఆడే అర్హతనిచ్చే రెండేళ్ల కార్డు గడువు ముగిసేసరికి టాప్ 64లో ఉండాలి. లేకపోతే చాలామందికి మిగిలే దారి క్యూ స్కూల్. లెస్టర్‌లో, బ్యాంకాక్‌లో జరిగే ఆ పోటీలో చిన్న చిన్న మ్యాచ్‌లలో వరసగా గెలుచుకుంటూ పోవాలి. అందుకే ఏప్రిల్లో షెఫీల్డ్ ఇంగ్లిష్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పోర్ట్‌లో జరిగే ప్రపంచ ఛాంపియన్‌షిప్ క్వాలిఫయింగ్‌లో ఉండే టెన్షన్ క్రూసిబుల్ ఫైనల్లో కూడా ఉండదని చాలామంది అంటారు. అక్కడ ఒక్కో రౌండు గెలిస్తే 5 వేలు, 10 వేలు, 15 వేలు, క్రూసిబుల్‌కి చేరితే 20 వేలు. అరవై రెండో స్థానంలో ఉన్నవాడికీ అరవై ఆరో స్థానంలో ఉన్నవాడికీ మధ్య తేడా కొన్నిసార్లు ఆ ఒక్క రౌండే. ఒక నల్ల బంతి జేబు అంచున ఆగిపోయిందంటే ఒక కుటుంబం రెండేళ్ల ఆదాయం మారిపోతుంది.

జావో వచ్చింది ఆ తలుపు నుంచే. 2021లో యూకే ఛాంపియన్‌షిప్ గెలిచినప్పుడు డింగ్ తర్వాత చైనా నుంచి ఎవరు అన్న ప్రశ్నకు జవాబు అతనే అనుకున్నారు. తర్వాత మ్యాచ్ ఫిక్సింగ్ కేసులో 2023లో శిక్ష పడిన పదిమంది చైనా ఆటగాళ్లలో ఒకడయ్యాడు. లియాంగ్ వెన్‌బో, లి హాంగ్‌లకు జీవితకాల నిషేధం. జావో స్వయంగా ఏ మ్యాచ్‌నీ అమ్ముకోలేదు, కానీ వేరే ఆటగాడు రెండు మ్యాచ్‌లు ఫిక్స్ చేయడంలో పాలు పంచుకున్నాడు, పందేలు కాశాడు. 20 నెలల నిషేధం 2024 సెప్టెంబర్‌తో తీరింది. కార్డు పోయింది, రెండేళ్ల పద్దు తుడిచిపెట్టుకుపోయింది. ప్రొఫెషనల్ కాని వాళ్లు ఆడే క్యూ టూర్‌లో మొదటి నుంచి మొదలుపెట్టి, అక్కడి టైటిళ్లతో తర్వాతి సీజన్‌కి కార్డు సంపాదించుకున్నాడు.

ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో అమెచ్యూర్ కాబట్టి క్వాలిఫయింగ్ మొదటి రౌండ్ నుంచే ఆడాల్సి వచ్చింది. నాలుగు మ్యాచ్‌లు గెలిస్తే గానీ క్రూసిబుల్ గుమ్మం దొరకలేదు. లోపలికి వచ్చాక ముందటి ఏడాది రన్నరప్ జాక్ జోన్స్‌ను 10-4తో, విల్సన్‌ను పడగొట్టిన లెయ్‌ను 13-10తో, క్రిస్ వేకిలిన్‌ను 13-5తో దాటాడు. సెమీస్‌లో రానీ ఓ సలివన్ మీద 17-7, ఒక సెషన్ మిగిలుండగానే. ఫైనల్లో విలియమ్స్‌కు యాభై ఏళ్లు, ప్రపంచ ఫైనల్ ఆడిన అందరిలో పెద్దవాడు. చూపు సరిగా ఆనక, కంటి ఆపరేషన్ సంగతి కూడా ఆలోచిస్తూనే అంత దూరం వచ్చాడు. 17-8 దగ్గర అయిపోయిందనుకున్న మ్యాచ్‌ను నాలుగు ఫ్రేములు వరసగా గెలిచి కాసేపు సాగదీశాడు. మొత్తం తొమ్మిది మ్యాచ్‌లు గెలిచి జావో ఛాంపియన్ అయ్యాడు. ఈ టైటిల్ గెలిచిన మొదటి చైనా ఆటగాడు, మొదటి ఆసియావాడు, మొదటి అమెచ్యూర్.

ఆ ఏడాది క్రూసిబుల్లో 32 మందిలో పదిమంది చైనావాళ్లు. నిషేధం పడింది కూడా పదిమందికే. అంతమందిని ఒక్క దెబ్బకు కోల్పోయి రెండేళ్లకే మళ్లీ అంతమందిని గుమ్మం దాటించగలిగిందంటే ఆ దేశంలో వెనక నిలబడ్డ వరస ఎంత పొడుగో అర్థమవుతుంది. శిక్ష అనుభవించి వచ్చినవాడిని హీరోగా నిలబెట్టడం మీద అభ్యంతరాలు కూడా వచ్చాయి, అవి తీసిపారేయాల్సినవి కావు. పందేల సొమ్ము చుట్టూ తిరిగే ఆటలో నమ్మకం పోతే మిగిలేది ఆకుపచ్చ గుడ్డ మాత్రమే. అయినా నియమం ప్రకారం శిక్ష తీరిపోయింది, అడ్డదారి లేకుండా అందరికన్నా కింది మెట్టు నుంచే ఎక్కి వచ్చాడు. ఆ రెండూ కలిపే చూడాలి.

ఫైనల్ ముగిశాక కొత్త జాబితా వచ్చింది. పైన ట్రంప్. ఒక్క సీజన్లో 15 లక్షల పౌండ్లు దాటించినవాడికి ఒక సెమీఫైనల్ ఓటమి పెద్ద లెక్కలోకి రాదు. బ్రెసెల్ టాప్ 16లో లేడు. విల్సన్‌కు 2024 నాటి 5 లక్షలు 2026 మే దాకా అండ. కార్డు చేతిలో ఉంది కాబట్టి జావో పేరు తిన్నగా పదకొండో స్థానంలోకి ఎక్కింది. ఆ స్థానానికి ఆధారం ఒకే టోర్నీ, 5 లక్షల పౌండ్ల ఒకే ఒక్క జమ. అది కొట్టివేతకు వచ్చేది 2027 మేలో.